హాస్టలంతా పేలే

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి ఆమె ట్రేలో ఇంకా రెండు వందల పది ముక్కలున్నాయి. ఐదున్నరకి షిఫ్టు అయిపోతుంది. మిగిలినవి రేపటికి జరగవు. రేపటివి రేపటికే బోలెడు వస్తాయి, ఇవాళ్టివి ఆమె నంబరు పక్కన ఎర్రగా నిలబడతాయి. అందుకని వేగం ఒకటిన్నరకి పెంచింది. ఆ వేగంలో ముసలివాళ్ళు పడుచువాళ్ళలా మాట్లాడతారు. ఏడుపులు నవ్వుల్లా వినిపిస్తాయి.

ముక్క అంటే ఎవరో ఎవరికో ఫోన్లో పంపుకున్న మాట. వెనకటిలా ఒక తీగకి చెవి ఆనిస్తే సరిపోయే రోజులు కావు. ప్రతివాడి జేబులోనూ ఒక రేడియో స్టేషను ఉంది, అది రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. కోట్ల మాటలు మనుషులు వినలేరు కాబట్టి ముందు యంత్రం వింటుంది. దానికి అనుమానం తగిలిన చోట అటూ ఇటూ కత్తిరించి, తనకి వినిపించింది కింద అక్షరాల్లో రాసి, ఏ భాష ముక్కని ఆ భాష బల్లకి పంపుతుంది. తెలుగు బల్ల కిటికీ లేని గోడ వైపు ఉంది. కాలి కింద పెడల్ నొక్కితే గొంతు మొదలవుతుంది, వదిలితే ఆగుతుంది. చేతి కింద మూడు మీటలు. వదిలెయ్. మళ్ళీ విను. పైకి పంపు.

బల్లకి మూడు కుర్చీలు. మూడో దాంట్లో మొన్నటిదాకా రిటైరైన తెలుగు మాస్టారు కూర్చునేవారు. పన్నెండు రోజుల కిందట ఆయన ట్రేలోకి ఒక ముక్క వచ్చింది. "పెళ్ళివారు బయల్దేరారు, పదింటికల్లా స్టాండులో దిగుతారు." పెళ్ళివారే అనుకుని మాస్టారు వదిలెయ్ నొక్కారు. మర్నాడు పదింటికి బస్టాండులో బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. ఆయన నడుం నొప్పికి వేసుకునే మెత్త ఇంకా కుర్చీలోనే ఉంది. తీసేవాళ్ళు లేరు.

"వదినా, ఇది విను," అంది పక్క కుర్చీలోంచి రేడియో. ఆ కుర్చీలో అమ్మాయికి ఆ పేరు పెట్టింది మాస్టారే. షిఫ్టులో ఎనిమిది గంటలు వింటుంది, వినని కాస్త సేపూ మాట్లాడుతుంది. "ఒకాయన స్నేహితుడితో చెప్తున్నాడు. మా ఆవిడ పొద్దున్నే బాంబు పేల్చిందిరా, ఈసారి కవలలట, అని."

"వదిలేశావా?"

"పైకి పంపేశా. కవలలైతే నాకేంటి? రేపు ఏదైనా అయితే వాళ్ళ పేర్లు రాసుకోరు, నా పేరు రాసుకుంటారు."

ఆమె నవ్వింది. ఇయర్ ఫోన్ల మీది స్పాంజి చిరిగిపోయి కుడిచెవి దగ్గర గుచ్చుకుంటోంది. పేపరు రుమాలు మడిచి అక్కడ పెట్టుకుని పెడల్ నొక్కింది. ఆడగొంతు. వెనక బకెట్ల చప్పుడు, పిల్లల అరుపులు. గొంతు ఇంకా మొదలవుతుండగానే ఆమె కళ్ళు కింది అక్షరాల మీదికి పోయాయి. రెండు నెలలుగా అదే అలవాటు. చదవడం వినడం కన్నా తొందరగా అయిపోతుంది.

అక్క నువ్వు పంపిన మందు అందింది హాస్టల్ అంతా పేలి ఒక్క గది మిగలదు ఇవాళ రాత్రి అందరికీ పెట్టేస్తా పొద్దున్నకి ఒక్కరు బతికుంటే నన్ను అడుగు.

మాస్టారి మెత్త వైపు చూసింది. పైకి పంపు నొక్కింది. మొత్తం ఎనిమిది సెకన్లు.

తర్వాతి ముక్కలో ఎవరో టైరు పేలిందని చెప్తున్నారు.

మంగళవారం పొద్దున్న ఆమె ఫోను లాకర్లో పెట్టి, బల్ల దగ్గరికి వచ్చేసరికి పై ఆఫీసరు అక్కడ నిలబడి ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు. ఆఫీసు భాషలోనే మాట్లాడతాడు, ఎప్పుడూ కూర్చోడు.

"రాత్రికి ముందే పట్టుకున్నాం మేడమ్. ఆడపిల్లల హాస్టలు, అరవై మంది పిల్లలు. మీ ముక్క ఒక్కటే ఆధారం. గదిలో పదకొండు సీసాలు దొరికాయి." ఆయన చప్పట్లు కొట్టాడు. పక్క భాషల బల్లల వాళ్ళు కూడా తలలెత్తి, ఎందుకో తెలియకపోయినా, కొట్టారు. "శుక్రవారం పర్మనెంటు జాబితా వస్తుంది. చూసుకోండి."

ఆయన వెళ్ళాక రేడియో ఆమె మోచెయ్యి గిల్లింది. "మీ అత్తగారి కళ్ళు వచ్చేసినట్టే!"

పర్మనెంటు అయినవాళ్ళ ఇంటిల్లిపాదికీ ఆఫీసు ఆస్పత్రిలో వైద్యం. అత్తగారి రెండు కళ్ళకీ పొర కమ్మింది. ఆపరేషను చెయ్యాలన్న చీటీ ఏడాదిగా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. ఆమె తెర తెరిచింది. పైన పసుపుపచ్చ గీత: "అదుపులోకి తీసుకున్నారు. స్త్రీ, నలభై ఆరేళ్ళు, హాస్టల్లో ఆయా. సోదరిని కదిలించలేదు, ఎవరితో మాట్లాడుతుందో చూడడం కోసం. రెండు నంబర్లూ నిఘాలో." దాని కింద ఆ నంబరు నుంచి గత రెండు నెలల్లో పోయిన మాటలన్నీ, కత్తిరించకుండా, ఆమె ట్రేలోనే. నూట నలభై మూడు. పంపినవాళ్ళే వినాలి, అది పద్ధతి. వీటికి వేగం పెంచడానికి వీల్లేదు.

మొదటిది: "అక్కా, తిన్నావా? నేను తిన్నా. ఊరికే చేశా."

రెండోది: "అక్కా, నీ మోకాలు ఎలా ఉందే? మెట్లెక్కకు. ఎక్కితే నామీదొట్టే."

పదో పదకొండో అయ్యాక ఆమె పెడల్ మీంచి కాలు తీయడం మానేసింది. ఆ గొంతు అలా సాగుతూనే ఉంది. గిన్నెలు తోముతూ, దుప్పట్లు దులుపుతూ, మధ్యలో "ఒసేయ్, తడికాళ్ళతో రాకే!" అని ఎవరో పిల్లని కేకేస్తూ, మళ్ళీ "ఆ, ఏం చెప్తున్నా అక్కా" అని అందుకుంటూ. అందులో వార్డెన్ని "పెద్దపులి" అంటుంది. కొత్తగా చేరిన ఆరో క్లాసు పిల్ల ఇంటి మీద బెంగతో తిండి మానేస్తే, ఆ పిల్లకి నాలుగు రోజులు తన మంచం పక్కనే పక్క వేసింది. అక్కని కొన్నిసార్లు తల్లిని అడిగినట్టు అడుగుతుంది, కొన్నిసార్లు పిల్లని కసిరినట్టు కసురుతుంది.

డెబ్భై ఆరోది మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది.

"అక్కా, మళ్ళీ పడ్డాయే పిల్లలకి. ఒక తలతో మొదలై అరవై తలలకీ పాకాయి. ఈపులైతే గింజలు గింజలు. షాపులో మందు మండిపోతోందని ఏడుస్తున్నారు. నువ్వు వేపనూనెతో కాస్తావు చూడు, అది ఒక పది సీసాలు పంపకూడదూ? ఆ సన్నపళ్ళ దువ్వెన కూడా."

ఆమె కాలు పెడల్ మీంచి జారింది. గొంతు ఆగింది.

తర్వాత సోమవారం ముక్క వెతికి, వేగం మామూలుగా పెట్టి, అక్షరాల మీద అరచెయ్యి అడ్డం పెట్టి విన్నది.

"అక్కా, నువ్వు పంపిన మందు అందింది. హాస్టలంతా పేలే! ఒక్క గదీ మిగల్లేదు. ఇవాళ రాత్రి అందరికీ పెట్టేస్తా. పొద్దున్నకి ఒక్కటి బతికుంటే నన్నడుగు."

చివర్లో నవ్వు కూడా ఉంది. ఒకటిన్నర వేగంలో అది తుమ్ములా పోయింది.

"రేడియో," అంది. "ఇది విను."

రేడియో విన్నది. వింటూ వింటూనే అలవాటుగా తల గోక్కుంది, వెంటనే చెయ్యి దించేసింది. "అయ్యో వదినా," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వేం మాట్లాడకు. సీసాలు పరీక్షకి వెళ్ళాయిగా. నూనె అని వాళ్ళే చెప్తారు."

"పరీక్ష పది రోజులు. ఫైలు గురువారం మధ్యాహ్నం పై విభాగానికి పోతుంది. అక్కడికి వెళ్ళింది ఏడాది లోపల తిరిగొచ్చిందా ఎప్పుడైనా?"

"శుక్రవారం జాబితా."

"తెలుసు."

"తెలిసీ చెప్తానంటే నీకు తిక్క."

ఆఫీసరు సాయంత్రం దాకా మీటింగులో ఉన్నాడని చెప్పారు. ఆమె రెండుసార్లు ఆయన గది దాకా వెళ్ళింది. రెండోసారి గది తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. గుమ్మంలో నిలబడి, బూటు లేసు కట్టుకుని, తిరిగొచ్చేసింది. ఆ సంగతి రేడియోకి చెప్పలేదు.

ఇంట్లో ఆమె పని ఆస్పత్రి రిపోర్టులు టైపు చేయడమని చెప్పుకుంటారు. సంతకం పెట్టిన కాగితంలో అలాగే చెప్పమని ఉంది. వంటింట్లో అత్తగారు చిక్కుడుకాయలు చేత్తో తడిమి ఈనెలు తీస్తోంది. పాప పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"అత్తయ్యా, ఒక మాట. హాస్టలంతా పేలే, మందు పెట్టేస్తా, అని ఎవరైనా అంటే మీకేమనిపిస్తుంది?"

అత్తగారు చేతిలో కాయ ఆపలేదు. "ఏ హాస్టలు? మన పాప వాళ్ళ బడి దగ్గరుందే, అదా? దీన్ని ఆ పిల్లల పక్కన కూర్చోనివ్వకు."

"నానమ్మా, పేలంటే ఏంటి?"

"నీ తల దువ్వనివ్వకపోతే వచ్చేవి."

అంతే. కళ్ళు కనిపించని మనిషికి, అలా అడిగీ అడగ్గానే తెలిసిపోయింది. ఆమె వెళ్ళి కుళాయి విప్పి, కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది.

"ఆఫీసులో ఏమైనా మాటపడ్డావా?" అంది అత్తగారు ఇటు తిరక్కుండానే.

"లేదత్తయ్యా."

"మరి ఆ గ్లాసేం చేసింది?"

బుధవారం తొమ్మిదింటికి ఆమె ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు.

"నా ముక్క తప్పు సార్. వెనక్కి తీసుకుంటాను."

ఆయన చేతిలో కాగితాలు బల్ల మీద సర్దాడు. "ఏం తప్పు?"

"అది పేలడం కాదు. పేలు. తలలో పురుగులు."

"అంటే, వేరే మాటా?"

"అదే మాట సార్. ఒకలాగే పలుకుతాం. యంత్రం అక్షరం మార్చి రాసింది, నేను వినకుండా అది రాసిందే చదివాను."

"మీ భాషలో బాంబుకీ తల్లో పురుగుకీ ఒకే మాటా?"

"బాంబుకి కాదు. పేలడానికి."

"ఎందుకలా పెట్టుకున్నారు?"

"మేం పెట్టుకోలేదు సార్. ఉంది."

"సరే. మందు అని ఉంది. మా డిక్షనరీలో పేలుడు సామాను అని ఇచ్చారు."

"ఒంట్లో బాగోకపోతే తాగేదీ మందే. పొలంలో చల్లేదీ మందే. సారా కూడా మందే. తుపాకీలో కూరేదీ మందే."

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు, ఆటపట్టిస్తోందేమోనని. "మరి ఇంట్లో మందుందా అని అడిగితే మీవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"అడిగినవాళ్ళ మొహం చూస్తే తెలుస్తుంది సార్."

ఆయన మొదటిసారి కూర్చున్నాడు. బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. కోప్పడలేదు. కోప్పడతాడని ఆమె సిద్ధమై వచ్చింది కాబట్టి అది ఇంకా కష్టంగా ఉంది.

"మీకు తెలుసా, నిన్న ఒక్కరోజు ఇక్కడికి ఎన్ని మాటలు వచ్చాయో? మీ బల్లకే రెండు వేల మూడు వందలు. వీటిలో నిజంగా పెళ్ళివారు ఎవరో, పెళ్ళివారు కానివాళ్ళెవరో నాకెలా తెలియాలి? ఆ తొమ్మిది మంది ఇళ్ళకి వెళ్ళినవాణ్ణి నేను. ఒక్కటి వదిలేస్తే శవాలు. ఒక్కటి ఎక్కువ పట్టుకుంటే ఒక ఆయాకి మూడు రోజుల ఇబ్బంది. నా స్థానంలో మీరేం చేస్తారు?"

"ఆమెని వదిలేయండి సార్. రేపు మధ్యాహ్నం దాటితే ఫైలు మీ చేతిలో ఉండదు."

ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. వెనక్కి తీసుకోవడానికి కారణం అన్నచోట మూడు గడులున్నాయి. యంత్రం లోపం. భాష లోపం. వినేవారి పొరపాటు.

"మొదటిది టిక్కు పెడితే ఆ కంపెనీ వాళ్ళు వచ్చి పరీక్షించాలి, నెల పడుతుంది. రెండోది పెడితే కమిటీ వెయ్యాలి. మూడోది పెడితే ఇప్పుడే నేను సంతకం చేస్తా."

ఆమె మూడోది పెట్టింది. కలం సరిగ్గా రాయకపోతే రెండోసారి దిద్దింది.

"జాబితా సంగతి మీకు తెలుసు కదా?"

"తెలుసు సార్." లేచి, తలుపు దాకా వెళ్ళి, ఆగింది. "నన్నెందుకు పట్టుకొచ్చారు అని ఆమె అడిగితే ఏం చెప్తారు?"

"ఏదో చెప్తారు. ఎవరో సమాచారం ఇచ్చారంటారు. మాటలు వింటామని మాత్రం చెప్పరు. అది చెప్పిన రోజున మనం ఇక్కడ కూర్చోనక్కర్లేదు."

గురువారం పదకొండు గంటలకి పసుపు గీత ఆకుపచ్చ గీతయింది. "విడుదల. చర్య అవసరం లేదు. నంబర్లు రెండూ తొంభై రోజులు నిఘాలో." రేడియో లేచొచ్చి చదివి, ఆమె భుజం మీద చెయ్యేసింది. "పోనీలే వదినా. ఇంటికి పంపించావు ఆ మనిషిని. కళ్ళదేముంది, వచ్చే ఏడాది చేయించుకోవచ్చు." ఆ మాట రేడియో గట్టిగానే అంది. పక్క బల్లవాళ్ళు చూశారు. ఆమెకి కాస్త సిగ్గనిపించింది, కాస్త బాగానూ అనిపించింది. ఆ సాయంత్రం లిఫ్టు కోసం ఆగకుండా నాలుగంతస్తులూ మెట్లు దిగింది. ఇంటికెళ్ళి పాప తల విప్పి, పాయలు పాయలుగా తీసి చూసింది. ఏం లేవు. పాప విసుక్కుంటున్నా ఇంకోసారి చూసింది.

శుక్రవారం జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో ఆమె పేరు లేదు. రేడియో పేరు ఉంది.

"నేనేం చెయ్యలేదు వదినా," అంది రేడియో, తప్పు చేసినట్టు.

"నువ్వు కవలల్ని పట్టుకున్నావుగా," అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. నవ్వు తొందరగానే అయిపోయింది.

నిఘా ట్రేలోకి మూడింటికి కొత్తది వచ్చింది. ఆయా నంబరు. ఆమె రుమాలు మడిచి చెవి దగ్గర సర్దుకుంది. అక్షరాల మీద అరచెయ్యి పెట్టి పెడల్ నొక్కింది. బకెట్ల చప్పుడు లేదు. పిల్లల్లేరు. ఏదో బస్సు ఆగి ఉన్నట్టు ఇంజను చప్పుడు. గొంతు అదే, కానీ నీళ్ళు తోడేసినట్టుంది.

"పెద్దపులి పనిలోంచి తీసేసింది. పోలీసులు వచ్చినదాన్ని పిల్లల మధ్య పెట్టుకోనంది. సరే, అది పరాయిది, అంటుంది. నేను మూడు రోజులు ఆలోచించాను. ఆ గదిలో చేసే పనేముంది, ఆలోచించడమేగా. ఎవరో చెప్పారమ్మా, నీవాళ్ళే ఎవరో చెప్పారు అన్నారు. ఆ మాట నేను ఇంకెవరితో అన్నానే? నీతోనేగా అన్నాను. మందు పంపింది నువ్వు. నన్ను జుట్టు పట్టుకుని జీపెక్కించారు. నీ గుమ్మంలోకి ఒక్కడు కూడా రాలేదు. నిన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదు అక్కా?" చాలాసేపు ఇంజను చప్పుడే. "అమ్మ నగల దగ్గర ఏమన్నావో నాకు గుర్తుంది. ఇంత కడుపులో పెట్టుకున్నావని తెలీదు. ఇక నాకు ఫోన్ చెయ్యకు."

ఆమె కాలు పెడల్ మీదే ఉంది. గొంతు అయిపోయినా తీయలేదు.

ఐదు నిమిషాల్లో రెండో నంబరు నుంచి ఒకటి వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా. అక్క గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. నూట నలభై మూడు మాటల్లో ఆ మనిషికి మోకాలుంది, వేపనూనె ఉంది, గొంతు లేదు. ఇప్పుడొచ్చింది. ముసలిది, ఆయాసపడుతోంది, ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నట్టుంది.

"నేను కాదే. చిన్నీ, ఎత్తవే. నేనెందుకు చెప్తానే?"

"నీమీదొట్టు. నా పిల్లల మీదొట్టు."

"చిన్నీ, నీ మాటలు నేను ఒక్కదాన్నే తలుపేసుకుని వింటానే. కోడలిక్కూడా వినిపించను. నేను చెప్పకపోతే మరెవరు చెప్పారంటావు? నువ్వూ నేనూ కాక మధ్యలో ఎవరున్నారే? నువ్వే చెప్పు, ఎవరున్నారు?"

ఆయా నంబరు వాటిలో ఒక్కటీ తెరవలేదు. తెర మీద ఒక్కొక్కదాని పక్కనా గంట, నిమిషం, తెరవలేదు అని పడుతున్నాయి.

ఆమె అరచెయ్యి తీసింది. యంత్రం ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా రాసింది. మధ్యలో ఎవరున్నారే, అన్న దగ్గర ప్రశ్న గుర్తు కూడా పెట్టింది. ఆ ఇద్దరి నంబర్లూ ఆమె ఎదురుగానే ఉన్నాయి, పది పది అంకెలు. ఆమె ఫోను లాకర్లో ఉంది. ఆ అంకెలు కాగితం మీద రాసుకుంటే ఏమవుతుందో సంతకం పెట్టిన కాగితంలో ఆరో పేరాలో ఉంది. ఆమె వాటిని రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోయి, నోటికి వచ్చేస్తాయని భయం వేసి ఆపేసింది.

"ఏంటి వదినా, అంతసేపు ఒకదాని దగ్గరే ఉన్నావు," అంది రేడియో, చెవిలోంచి ఒక వైపు తీసి. "ఏమైనా ఉందా?"

"ఏం లేదు. అక్కచెల్లెళ్ళ గొడవ," అని ఆమె వదిలెయ్ నొక్కింది.